చావు నమ్మని ముంపు దొర

మా అన్నయ్యని నేనే చంపానని మా పాలెంలో సగంమంది ఇప్పటికీ అంటారు. అననివ్వండి. మిగతా సగంమంది, చంపింది ఆ పిల్ల కాదు, అది ఆడించిన ఆట అంటారు. అదీ అననివ్వండి. ఆ ఆటేమిటో తెలియకుండానే మాట్లాడేవాళ్ళు ఎక్కువ కాబట్టి ముందు దాని సంగతి చెబుతాను. ఆ తర్వాత మీ ఇష్టం.

మాది గౌతమి సముద్రంలో కలిసేచోట, యానాం దగ్గర్లో, చేపల వేట మీద బతికే పాలెం. ఏటా ఏప్రిల్ పదిహేను నుంచి జూన్ పద్నాలుగు దాకా అరవై ఒక్క రోజులు సముద్రంలో వేట నిషేధం. బోట్లన్నీ ఒడ్డుకెక్కుతాయి. మగవాళ్ళు వలల షెడ్డులో కూర్చుని చిరుగులు కుట్టుకుంటారు. రెండు వారాల్లో చిరుగులు అయిపోతాయి. ఆ తర్వాత పేకాట, యానాం మందు సీసాలు, వాటితోపాటు వచ్చే తగువులు. నిరుడు సరిగ్గా ఆ రోజుల్లోనే నేను కాకినాడలో డిగ్రీ ముగించుకుని, ఏ ఉద్యోగమూ రాక, ఒక బ్యాగుతో ఇంటికొచ్చాను. ఆ బ్యాగులో నా హాస్టల్ రూమ్మేట్ ప్రిస్కిల్లా ఇచ్చిన పాచికలు, ఒక ఆట నియమాల జిరాక్సు కాగితాల కట్ట ఉన్నాయి.

ఆట చాలా తేలిక. ఒకరు కథ నడుపుతారు. మిగతావాళ్ళు ఆ కథలో తలా ఒక మనిషి అవుతారు. "తలుపు వెనక ఏదో మూలుగుతోంది, నువ్వేం చేస్తావు?" అని నేను అడుగుతాను. చేసేది వాళ్ళు చెబుతారు. చేయగలిగారో లేదో ఇరవై ముఖాల పాచిక చెబుతుంది. పెద్ద అంకె పడితే గెలిచినట్టు, చిన్నది పడితే మీ ఖర్మ. కథ నడిపేవాళ్ళు తమ పాచికని ఒక అట్ట చాటున వేసుకోవచ్చు. నేను పాత క్యాలెండర్ అట్టని మడిచి నిలబెట్టుకునేదాన్ని.

నాతో ఆడింది ముగ్గురు. మా మేనమామ త్రిమూర్తులు, అరవై దాటినవాడు, మాంత్రికుడు అయ్యాడు. బోటు ఇంజను నడిపే పల్లంరాజు కత్తి పట్టాడు. మా వదిన లోవలక్ష్మి విల్లు తీసుకుంది. ఆటలో వేరే పేర్లు పెట్టుకోమంటే మావయ్య ఒప్పుకోలేదు. "నా పేరుండగా ఇంకొకడి పేరెందుకే నాకు" అన్నాడు. దాంతో అందరూ సొంత పేర్లతోనే ఆడారు.

ఇక విలన్. అతని పేరు ముంపు దొర. వందేళ్ళ కిందట గోదావరి వరదలో మేడతో సహా మునిగిపోయిన జమీందారు. శవం దొరకలేదు కాబట్టి కర్మకాండ జరగలేదు. అది జరగలేదు కాబట్టి తాను చచ్చిపోయినట్టు అతనికి తెలియదు. పున్నమికీ అమావాస్యకీ పోటు ఎక్కినప్పుడల్లా ఒళ్ళంతా ఒండ్రు కారుతూ లేచి వచ్చి, గడప బయట నిలబడి, "భోంచేశారా అండి? ఒకసారి మా మేడకి దయచేయండి" అంటాడు. వెళ్ళినవాళ్ళు తిరిగిరారు.

మొదటిసారి పల్లంరాజు అతని కుడిచెయ్యి నరికాడు. దొర నదిలో పడిపోయాడు. ముగ్గురూ ఈలలు వేశారు. వారం తిరక్కుండా, ఆటలో అమావాస్య వచ్చిందని చెప్పి అతన్ని మళ్ళీ తెచ్చాను. గుమ్మంలో ఒంటిచేత్తో నిలబడి, "పల్లంరాజు గారండీ, నా చెయ్యి తమరి దగ్గరే ఉండిపోయిందటండి" అన్నాడు.

పల్లంరాజు నిజంగానే వెనక్కి జరిగాడు. తర్వాత కోపం తెచ్చుకున్నాడు. "చచ్చినోడు ఎలా వచ్చాడు? ఇదేం ఆటే?"

"చచ్చినవాడిని నువ్వు ఎలా చంపుతావు?" అన్నాను.

"అలాగైతే వాడెప్పుడూ వస్తూనే ఉంటాడా?"

"వస్తాడు. వచ్చిన ప్రతిసారీ ఏదో ఒకటి పోగొట్టుకుని వస్తాడు."

ఆ నియమం ప్రిస్కిల్లాది. ఫోన్‌లో చెప్పింది. చచ్చిన విలన్ ఊరికే లేచి వస్తే ఆడేవాళ్ళకి ఒళ్ళు మండుతుందట. అందుకని మొదట చెయ్యి పోయింది. రెండోసారి ఇంటిపేరు మరిచిపోయి వచ్చాడు. మూడోసారి సొంత ఊరి పేరు. వాళ్ళు ఎంత కొట్టినా అతనికి కోపం రాదు, 'అండి' అనడం మానడు. మావయ్యకి అతనంటే ముచ్చటేసింది. వల కుట్టే సూది చెవి మీద పెట్టుకుని ఒకరోజు నవ్వుతూ, "ఈ దొర మాట అచ్చం మన అశోకు మాటలా ఉందే సాయీ" అన్నాడు.

"నీ మొహం" అన్నాను.

వదిన తల ఎత్తలేదు. తన కాగితం మీద బాణాలు లెక్కపెట్టుకుంటోంది. ఆ విషయం ఆమెకి మొదటిరోజే తెలుసునని నాకు అప్పుడు అర్థమైంది. నేను మాత్రం ఒట్టు, కావాలని చేయలేదు. దొరకి ఒక గొంతు కావలసి వచ్చినప్పుడు నా నోట్లోంచి అదే వచ్చింది.

అశోక్ మా అన్నయ్య. చంటిపిల్లల్ని కూడా 'అండి' అనేవాడు. దారికి అడ్డం పడుకున్న కుక్కని "కాస్త జరగండి" అని అడిగేవాడు. అప్పటికి రెండేళ్ళు దాటింది, ఒక నవంబరులో, నది సముద్రంలో కలిసే మొగ దగ్గర వేసిన వల తీసుకొస్తానని ఒక్కడే ఫైబర్ బోటు మీద వెళ్ళాడు. మర్నాడు బోటు దొరికింది. అన్నయ్య దొరకలేదు.

దీనికి మా పాలెంలో ఒక పద్ధతి ఉంది. శవం దొరకనివాడిని ఇంటివాళ్ళు పిలవాలి. కన్నతల్లి గాని, తోడబుట్టినవాళ్ళు గాని. నీరు వెనక్కి తీసే వేళ రేవు మెట్టు మీద నిలబడి, పేరు పెట్టి మూడుసార్లు పిలవాలి. బదులు రాకపోతే అతని వేట ముగిసినట్టు. ఇంటికొచ్చి స్నానాలు చేసి కర్మ మొదలుపెడతారు. భార్య పిలవకూడదు. పిలిచేదాకా అతను వేటలో ఉన్నట్టే లెక్క. మగాడు వేటలో ఉండగా అతని భార్య రేవు దాటి పాలెం విడిచి వెళ్ళకూడదు. మామూలుగా అది ఒకరోజు, రెండురోజుల మాట కాబట్టి ఎవరికీ కష్టం లేదు. మా అమ్మ రెండేళ్ళయినా పిలవలేదు. మా వదిన రెండేళ్ళు రేవు దాటలేదు.

మే నెల మూడోవారంలో వదిన షెడ్డు మూల కూర్చుని ఫోన్‌లో ఎవరితోనో ఇరవై నిమిషాలు మాట్లాడింది. నేనూ మావయ్యా పల్లంరాజూ చెవులు రిక్కించి కూర్చున్నాం. ఉప్పాడ వైపు ఒక రొయ్యపిల్లల హేచరీ. ల్యాబులో అసిస్టెంటు కావాలట. వదిన తుని పిల్ల, ఇంటర్‌లో బైపీసీ చదివింది, మార్కులు బాగా వచ్చాయి. ఫోన్ పెట్టేసి మావైపు తిరిగింది.

"తీసుకున్నారు. జూన్ పదహారున చేరాలంట."

మావయ్య చేతిలో వల కింద పెట్టి, "మంచి మాట చెప్పావమ్మా" అన్నాడు. నేను పాచికలు సంచిలో వేసుకున్నాను.

ఆ సాయంత్రం వాకిట్లో అమ్మ ఎండుచేపలు తిరగేస్తుంటే వదిన విషయం చెప్పింది. మా అమ్మ రత్నమాణిక్యం. నాన్న పోయాక ఇద్దరు పిల్లల్ని చేపల తట్ట మీద పెంచిన మనిషి. గొంతు పెంచదు. పెంచాల్సిన అవసరం ఆమెకి ఎప్పుడూ రాలేదు.

"వాడు వచ్చేసరికి నువ్వు ఇంట్లో లేకపోతే ఏమనుకుంటాడు?" అంది.

"ఇంకెప్పుడు వస్తారత్తా?"

"అది నీకూ నాకూ తెలిసేదా?"

"పోనీ పిలవండి. పలికితే నేనే ఉండిపోతాను."

అమ్మ చేపలు తిరగేస్తూనే ఉంది. "నేను పిలవను లోవా. నా నోటితో నేను పిలవను."

వదిన నావైపు చూసింది. తోడబుట్టినదాన్ని కదా, నేను పిలవచ్చు. నేను గబగబా చేటలు తీసుకుని లోపలికి వెళ్ళిపోయాను. నిజం చెబుతున్నాను, నాకు లోపల హాయిగా అనిపించింది. అమ్మ వద్దంది, ఇక నాకేం పని లేదు. వదిన ఇంట్లోనే ఉంటుంది, అన్నయ్య ఇంకా వేటలోనే ఉంటాడు, షెడ్డులో ఆట సాగుతుంది. ఇంత సిగ్గుమాలిన సంతోషం నాకు మళ్ళీ ఎప్పుడూ కలగలేదు.

అప్పటినుంచి వదిన ఆట మారింది. అంతకుముందు తన వంతు వస్తే బాణం వేసి ఊరుకునేది. ఇప్పుడు ప్రశ్నలు. దొర మేడ ఎంత లోతులో ఉంది, నీరు తీసే వేళ పైకప్పు కనబడుతుందా, గడప దాటి లోపలికి రావాలంటే ఎవరైనా పిలవాలా, పిలవకపోతే ఏమవుతుంది? అన్నీ కాగితం మీద రాసుకుంది. మావయ్యనీ పల్లంరాజునీ తలో దిక్కున నిలబెట్టి, జూన్ మొదటివారంలో ఒక మధ్యాహ్నం దొరని మేడ పైకప్పు మీద ఇరికించింది. వెనక్కి నీళ్ళు లేవు, ముందు కత్తి, పక్కన మంత్రం. తన బాణం గుండెకి గురిపెట్టింది.

"వేశాను" అంది. తన పాచిక పంతొమ్మిది.

దొర తప్పించుకోవాలంటే నాకు పదిహేను దాటాలి. అట్ట చాటున వేశాను. నాలుగు.

"పదహారు" అన్నాను. "పక్కకి ఒరిగిపోయాడు. బాణం భుజానికి తగిలింది. నీళ్ళలోకి జారిపోతూ, 'మళ్ళీ కలుద్దామండి' అంటున్నాడు."

పల్లంరాజు తల పట్టుకున్నాడు. వదిన చెయ్యి చాపి నా క్యాలెండర్ అట్టని పక్కకి తీసేసింది. పాచిక అక్కడే ఉంది.

"నాలుగు" అన్నాడు పల్లంరాజు, చిన్నపిల్లాడు అంకెలు చదివినట్టు.

"ఇలా ఎన్నిసార్లు చేశావు?" అంది వదిన.

"ఇదే."

"ఎన్నిసార్లు సాయీ?"

"ఇంతకుముందు ఒకసారి. రెండోసారి వచ్చినప్పుడు."

నాకు తల కొట్టేసినట్టయింది. తప్పు చేసి దొరికిపోతే నాకు ముందు కోపం వస్తుంది, అది నా పుట్టుబుద్ధి. "అయితే ఏంటి? ఆట నడిపేది నేను. వాడిని పుట్టించింది నేను. వాడు చావకూడదనుకుంటే చావడు" అని అరిచాను.

"నీ దొరని నువ్వుంచుకో. కలకాలం ఉంచుకో" అంది వదిన. కళ్ళు తిప్పుకోలేదు. "నన్నెందుకు ఉంచుకుంటున్నావు?"

కాగితాలు బల్ల మీదే వదిలేసి వెళ్ళిపోయింది.

వారం రోజులు ఆట లేదు. ఒకే ఇంట్లో తిరుగుతూ వదిన నాతో అవసరమైన మాటలే మాట్లాడింది. నీళ్ళు తోడావా, గ్యాసు కట్టేశావా. నేను బింకంగానే ఉన్నాను. పగలంతా వాళ్ళ మీద కోపం, పడుకుంటే నా మీద. ఒకటి మాత్రం నన్ను తినేసింది. అన్నయ్య గొంతు గుర్తుతెచ్చుకుందామని కళ్ళు మూసుకుంటే దొర గొంతు వినబడుతోంది. నేను వేసిన గొంతు. ఏది అతనిదో ఏది నాదో తేడా తెలియడం లేదు. నాకు భయం వేసింది, అది ఒప్పుకోవడానికి నాకేం నామోషీ లేదు.

మావయ్య ఒకరోజు బోటుకి రంగు వేస్తూ, నన్ను పిలిచి డబ్బా పట్టుకోమన్నాడు. బోటు ఒక పక్క పూర్తిచేశాడు. తర్వాత, "మా చెల్లి పిలవలేకపోతోందే. అది దాని వల్ల అయ్యే పని కాదు. దాన్ని తిట్టుకుని లాభం లేదు" అన్నాడు.

"నేను తిట్టుకోవడం లేదు."

"మరి నీ వల్ల అవుతుందా అని అడుగుతున్నాను."

డబ్బా కింద పెట్టి వచ్చేశాను.

నిషేధం చివరిరోజు, జూన్ పద్నాలుగు. బోట్లకి పసుపు కుంకుమలు పూస్తున్నారు, ఐసు లారీలు వచ్చాయి. మధ్యాహ్నం భోజనాలయ్యాక నేనే వదినని అడిగాను. "ఒక్క ఆట. అట్ట లేకుండా." గిన్నెలు కడిగేసి వచ్చింది. పల్లంరాజు ఇంజను పని వదిలేసి పరుగెత్తుకొచ్చాడు.

ఆ రోజు దొర మేడ దగ్గర కాదు, తిన్నగా షెడ్డు గుమ్మంలోకే వచ్చాడు. ఈసారి పోగొట్టుకున్నది దారి. తన మేడ ఎటో అతనికి తెలియదు. గుమ్మం బయట నిలబడి, చేతులు కట్టుకోవడానికి రెండో చెయ్యి లేక, ఉన్న ఒక్కదాన్నీ వేలాడేసుకుని, "ఎటు వెళ్ళాలో తోచడం లేదండి" అన్నాడు. "అందరూ నన్ను చూసి తలుపులు వేసుకుంటున్నారండి. నేనేం తప్పు చేశానండి?"

పల్లంరాజు కత్తి తీయలేదు. మావయ్య మంత్రం వేయలేదు. దొర వదినవైపు తిరిగాడు.

"ఒక మాట అడుగుతాను, ఏమీ అనుకోకండి. నేను చనిపోయానా అండి?"

ఇది అడగాలని నేను ముందు అనుకోలేదు. వదిన బల్ల మీద రెండు చేతులూ ఆనించి, నా మొహంలోకే చూస్తూ జవాబిచ్చింది.

"ఆయ్. చనిపోయారండి."

నేను అతికష్టం మీద ఆట నియమం చెప్పాను. పది దాటితే దొర ఆ మాట నమ్మడు. దాటకపోతే నమ్ముతాడు, ఇక రాడు. పాచికని బల్ల మధ్యలో, అందరి ముందూ వేశాను. అది దొర్లి దొర్లి ఆగింది. పద్నాలుగు.

"నాలుగని చెప్పెయ్ సాయీ" అన్నాడు పల్లంరాజు మెల్లగా. "నేనేం చూళ్ళేదు."

చెప్పాలని నా నాలుక చివరిదాకా వచ్చింది. బతికించడానికి రెండుసార్లు అబద్ధమాడినదాన్ని, చంపడానికి ఒకసారి ఆడితే ఏం పోయింది? వదిన తల అడ్డంగా ఊపింది. "పడింది పడింది. ఉంచు."

అందుకని దొర చేత చెప్పించాను. "అలాగా అండి. నాకైతే అలా అనిపించడం లేదండి." వచ్చిన దారినే మెల్లగా వెళ్ళిపోయాడు.

వదిన కాగితాలు సర్దడం మొదలుపెట్టింది. ఆమె మొహంలో కోపం కూడా లేదు, అదే నాకు భరించరానిదయింది. షెడ్డు తలుపులోంచి రేవు కనబడుతోంది. నీరు తీస్తోంది, కింది మెట్ల పాకుడు బయటపడింది. ఆ ప్లాస్టిక్ పాచిక ఒప్పుకోలేదు. సరే, దాన్ని అడగడమే నా తప్పు. నాకు నోరుంది కదా.

లేచి నడిచాను. వెనక ఎవరు వస్తున్నారో చూడలేదు. చివరి మెట్టు మీద చెప్పులు విడిచి నిలబడి, మొగ వైపు తిరిగి పిలిచాను.

"అశోకన్నయ్యా."

బోట్ల మీద పసుపు పూస్తున్నవాళ్ళు ఆగి చూశారు. ఎవరో, "బోట్లు కదిలే ముందు ఇదేం పని, ఆపండి దాన్ని" అన్నారు. ఇంకెవరో ఆటల పిచ్చి అన్నారు. రెండోసారి ఇంకా గట్టిగా పిలిచాను. ఈసారి యానాం దాకా వినబడి ఉండాలి.

అమ్మ చేపల చేతులతోనే పరుగెత్తుకొచ్చింది. మెట్లన్నీ దిగి వచ్చి వెనకనుంచి నా నోరు మూసింది. ఆమె చేతికి ఎంత బలముందో నాకు అప్పుడు తెలిసింది. "వద్దే. వద్దే తల్లీ" అంటోంది చెవిలో. నేను ఆమె వేళ్ళు ఒక్కొక్కటే విడదీశాను. ఆ పని చేసినందుకు నన్ను తిట్టేవాళ్ళున్నారు. తిట్టండి, నేనైనా తిడతాను. విడదీసి, ఆ చెయ్యి నా చేతిలోనే పట్టుకుని, మూడోసారి పిలిచాను.

నీళ్ళు వెళ్ళిపోతున్న చప్పుడు. అంతే. అందరం ఎంతసేపు నిలబడ్డామో తెలియదు.

"ఏమైనా వినబడిందా?" అంది అమ్మ. ఆమెకి ఎడమ చెవి సరిగా వినబడదు.

"లేదమ్మా."

"గాలికి వినబడి ఉండదు. ఇంకోసారి పిలువు."

"మూడేనమ్మా" అన్నాను. "నాలుగోసారి లేదు."

అమ్మ మెట్టు మీద కూలబడింది. నేనూ పక్కన కూర్చున్నాను. వదిన పై మెట్టు దగ్గర నిలబడి ఏడుస్తోంది. రెండేళ్ళలో ఆమె గట్టిగా ఏడవడం అదే మొదటిసారి. మొగుడు వేటలో ఉన్నవాళ్ళు ఏడవకూడదన్నది కూడా మా పాలెం పద్ధతే.

పదహారో తారీఖు పొద్దున్న స్నానాలు ముగిసిన ఇంట్లోంచి వదిన బట్టల బ్యాగుతో బయటికొచ్చింది. కర్మ కాకుండా ఇల్లు కదలడమేంటని పెద్దలు అభ్యంతరం చెప్పారు. పదోరోజుకి వస్తుంది, నేనే తీసుకొస్తాను అన్నాను. అమ్మ బయటికి రాలేదు. వదినకి అన్నం క్యారేజీ మాత్రం కట్టి గుమ్మంలో పెట్టింది. రేవు దాటించే పడవవాడు మావయ్య వైపూ పెద్దల వైపూ చూస్తూ తాడు విప్పకుండా నిలబడ్డాడు. నేను అతని చేతిలో గడ లాక్కుని, వదినని ఎక్కమని, పడవ నేనే నెట్టాను. గట్టు మీద ఊరు సగం నిలబడి ఉంది. ఒక్కరూ నోరెత్తలేదు. ఎత్తితే నేను ఊరుకునేదాన్ని కాదు.